పద్దెనిమిది అంగుళాల గోడ

జూన్ 3

తమ్ముడూ,

దీవెనలు ఉత్తరం చివర పెడతాను, అక్కడిదాకా వచ్చేసరికి నా కోపం తగ్గితే.

పొద్దున పాలకి బయలుదేరి స్టేషన్‌కి పోయాను. రిటైరై పదిహేనేళ్ళయినా కాళ్ళు అటే లాగుతాయి, నీకు తెలిసిందే. నోటీసు బోర్డు దగ్గర పదిమంది మూగి ఉన్నారు. పాత భవనం మొత్తం పడగొట్టి కొత్తది కడతారట. అభ్యంతరాలుంటే ఆగస్టు రెండులోపు రాసి ఇవ్వాలట. ఆ కాగితం కింద పాత భవనం ప్లాను ఒకటి అంటించారు. కళ్ళజోడు సర్దుకుని చూస్తే, కుడి మూల 'గీసినవారు' అన్న చోట తోక తిప్పిన సంతకం కనబడింది. ఆ తోక నేను నేర్పిందే.

"మీ తమ్ముడిది కదమ్మా?" అన్నాడు బస్తాలాయన. గూడ్స్ షెడ్డులో నలభై ఏళ్ళు బస్తాలు మోసి, ఇప్పుడు ప్లాట్‌ఫారం బెంచీ వదలకుండా కూర్చునే మన బస్తాలాయనే. వినబడనట్టు నటించాను. ఈ చెవుల వల్ల అదొక్కటే లాభం.

ఏప్రిల్లో రెండు రోజులు వచ్చావు. "పాత రికార్డులు సరిచూస్తున్నామక్కా, అంతే" అన్నావు. నేను నమ్మాను. మొదటి రోజంతా ఎండలో నిలబడి నీ టేపు రెండో కొస పట్టుకున్నాను. అంటే మన స్టేషన్‌ని కూలగొట్టడానికి నా చేత్తోనే కొలతలు ఇప్పించావన్నమాట. ఒళ్ళు మండిపోతోందిరా.

ఈ ఊరికి స్టేషన్ రాలేదు, స్టేషన్ పక్కన ఊరు మొలిచింది. వరదొచ్చిన ఏడు తొమ్మిది రోజులు జనమంతా ఆ వెయిటింగ్ హాల్లోనే తలదాచుకున్నారు. నీకు నడక వచ్చింది ఆ హాలు నాపరాళ్ళ మీదే. అమ్మ వంద సార్లు చెప్పింది. ఆ హాలుని నువ్వు గీతలు గీసి అప్పజెప్పావు.

ఫోన్ చెయ్యకు. ఫోన్లో నీ మాట నాకు సగమే చేరుతుంది. రాసి పంపు, కాగితం మీదయితే తర్వాత మాట మార్చలేవు.

కోపం తగ్గలేదు. దీవెనలు ఆపి ఉంచాను.

అక్క

*

జూన్ 11

అక్కా,

నీ ఉత్తరం మీ మరదలు ముందు చదివేసి, నా చేతిలో విసిరి వంటింట్లోకి వెళ్ళిపోయింది. దాన్ని బట్టి ఇంట్లో నా పరిస్థితి అర్థం చేసుకో.

నేను గీసింది ఉన్న భవనాన్ని. పడగొట్టమని గీయలేదు. ఏ భవనాన్నయినా కొలిచి ఉన్నది ఉన్నట్టు గీయడం డ్రాఫ్ట్స్‌మన్ పని. దాన్ని ఉంచాలా తియ్యాలా అన్నది నాకంటే మూడంతస్తుల పైన కూర్చున్నవాళ్ళు తేలుస్తారు. ఏప్రిల్లో నాకూ సంగతి తెలియదు. తెలిసుంటే చెప్పేవాణ్ణా అంటే, అదీ తెలియదు. నీ మొహం చూసి చెప్పే ధైర్యం నాకు చిన్నప్పటి నుంచీ లేదు.

రూలు చెబుతాను, విను. నూరేళ్ళు దాటిన భవనాన్ని ఒక కమిటీ చూసి ఒప్పుకుంటే తప్ప ముట్టుకోకూడదు. మన స్టేషన్‌కి ఆస్తుల రిజిస్టరులో ఉన్న వయసు ఎనభై ఎనిమిదేళ్ళు. ఇంకో పన్నెండేళ్ళు ఆగితే బతికేది. ఆగరు. పైకప్పు కారుతోంది, మరుగుదొడ్ల సంగతి నాకంటే నీకే బాగా తెలుసు, పెద్దవాళ్ళకి ర్యాంపు లేదు. కొత్తది జనానికి మంచిదే.

నీ బాధ నాకు తెలియదనుకోకు. ముప్పై ఏడేళ్ళు ఆ టికెట్ గదిలో ఒకే కుర్చీలో కూర్చున్నావు. ఆ గది పోతుందంటే ఎవరికైనా గుండె కలుక్కుమంటుంది. కానీ ఒక గది కోసం డెబ్భై మూడేళ్ళ వయసులో ఆఫీసుల చుట్టూ తిరుగుతావా? నేను ఆగస్టు 31న రిటైరవుతున్నాను. ముప్పై నాలుగేళ్ళలో నా డ్రాయింగు ఒక్కటి కూడా తప్పని వెనక్కి రాలేదు. ఆ మంచిపేరుతో ఇంటికి రానివ్వు. ఆ తర్వాత నీ పక్కన బెంచీ మీద కూర్చుని ఇద్దరం కలిసి తిట్టుకుందాం.

తమ్ముడు

*

జూన్ 17

తమ్ముడూ,

నీ మంచిపేరు సంగతి చదివాక నిన్న మా కుట్టుమిషను డబ్బాలోంచి టేపు తీసి స్టేషన్‌కి వెళ్ళాను. అబద్ధం దేనికి, నీ తప్పు పట్టాలనే వెళ్ళాను. ఒక్కటైనా దొరికితే చాలు, నీ పొగరు అణుగుతుందనుకున్నాను.

ఇప్పుడు టికెట్లిచ్చే అమ్మాయి చాలా మంచిది. బండ్లు లేని వేళ కంప్యూటర్ వదిలి వచ్చి రెండో కొస పట్టుకుంది. ప్లాట్‌ఫారం పొడవు సరిపోయింది. హాలు సరిపోయింది. కిటికీలు, వరండా స్తంభాలు, తూకం మిషను దిమ్మ, అన్నీ నువ్వు రాసినట్టే ఉన్నాయి. పళ్ళు కొరుక్కుంటూ కొలిచాను. బస్తాలాయన వెనకే తిరుగుతూ "మీ తమ్ముడు గట్టోడమ్మా" అంటూ పుండు మీద కారం చల్లాడు.

చివర ఒక్కటి దొరికింది. హాలుకీ టికెట్ గదికీ మధ్య గోడ. నువ్వు పద్దెనిమిది అంగుళాలని రాశావు. టికెట్ కిటికీలో టేపు పెట్టి అటూ ఇటూ పట్టుకుని చూశాం. ఇరవై ఏడు. మళ్ళీ చూశాం. ఇరవై ఏడు. ఆ అమ్మాయి తన స్కేలుతో కూడా చూసింది.

ఏమంటావు?

అక్క

*

జూన్ 24

అక్కా,

కుట్టుమిషను టేపు ముప్పై ఏళ్ళుగా సాగి ఉంటుంది. గోడకి రెండు వైపులా గిలాబా, దాని మీద ఏటా వేసిన సున్నం, కిటికీ చెక్క అంచులు కలిస్తే ఆ తేడా వస్తుంది. నేను గీసిన భవనం నాకు తెలుసు.

నా పొగరు అణచడం నీ ఉద్దేశమైతే, అది మీ మరదలు రోజూ చేస్తూనే ఉంది. స్టేషన్ని కాపాడటం నీ ఉద్దేశమైతే, గోడ మందం వల్ల అయ్యేదేం లేదు. దయచేసి ఈ సంగతి ఇక్కడితో వదిలెయ్.

తమ్ముడు

*

జూలై 2

తమ్ముడూ,

వదల్లేదు.

తొమ్మిది అంగుళాల గిలాబా ఎక్కడైనా ఉంటుందా? నాకు చదువు తక్కువే కానీ మరీ అంత వెర్రిదాన్ని కాను. నీ ఉత్తరం చదివాక కూర్చుని ఆలోచించాను. ఆ గోడలో నేను ఇంతవరకూ చూడని చోటు ఒకటే ఉంది. టికెట్ బీరువా వెనక. అట్ట టికెట్లు ఊరూరికీ వేరువేరు అరల్లో పేర్చి ఉండే ఆ నల్ల చెక్క బీరువా. దాన్ని కదిపితే లోపలి టికెట్లన్నీ దించి మళ్ళీ మొదటి నంబరు నుంచి సరిచూడాలి. అందుకని నా ముందున్నవాళ్ళు కదపలేదు, నేనూ కదపలేదు. నాన్న గుర్తున్నాడా, పట్టాలు మార్చే పాయింట్స్‌మన్‌గా ఉండి కూడా పెద్దాఫీసరు తనిఖీకి వస్తున్నాడంటే చీపురు, సున్నం బకెట్టు పట్టుకుని తయారయ్యేవాడు? ఆయన కూడా బీరువా చుట్టూనే వేసేవాడు. ఇప్పుడు అట్ట టికెట్లే లేవు. బీరువా ఖాళీ.

స్టేషన్ మాస్టరుని అడిగాను. "జరిపి మళ్ళీ పెట్టెయ్యండమ్మా" అన్నాడు. బస్తాలాయన ఎనభై ఏళ్ళొచ్చినా భుజం పెట్టాడు. ఇంకో ఇద్దరు ప్రయాణికులు చెయ్యి వేశారు, బండి లేటని.

దాని వెనక గోడ లోపలికి గూడులా ఉంది. వేలి మందం సున్నం పొరలు బీరువా అంచు దగ్గరే ఆగిపోయాయి. గూడు లోపల రాయి, చక్కగా చెక్కిన రాయి. దాని మీద ఒక సంవత్సరం. నూట పదమూడేళ్ళ కిందటిది. చేత్తో తడిమి తడిమి చదివాను. ఇటుక గోడ కట్టిన మేస్త్రికి ఆ అంకెలు మూసెయ్యడానికి చెయ్యి రాలేదేమో, అంత మేరా వదిలేశాడు. నాకు ఏడుపొచ్చింది. అందరి ముందూ ఏడ్చాను.

గూడు అంచున చూస్తే తెలిసిపోయింది. అవి రెండు గోడలు. హాలు వైపు రాతి గోడ. దానికి ఆనించి, టికెట్ గది వైపు ఇటుక గోడ. మధ్యలో గోరు పట్టేంత సందు. హాలు ముందు కట్టారు, పాతికేళ్ళ తర్వాత టికెట్ గది, దాని వెనక సామాన్ల గది అతికించారు. మీ రిజిస్టరులో ఉన్నది అతికించిన ఏడు.

ఫొటో పంపుతున్నాను. అందులో అంకెలే పడ్డాయి, సందు పడలేదు. అభ్యంతరం రాసి ఇచ్చేశాను, రెండు వందల పదహారు సంతకాలతో. జూలై 18న ఆఫీసరు వచ్చి విచారిస్తాడట. నువ్వు చేయాల్సింది ఒకటే. ఆ గోడని సరిదిద్ది పంపు.

అక్క

*

జూలై 10

అక్కా,

ఫొటో చేరింది. చాలాసేపు చూశాను.

విచారణలో రాయి గురించి చెప్పు. గోడ మందం సంగతి మాత్రం ఎత్తకు. ఎవరడిగినా ఎత్తకు. ఆఫీసుకి కూడా రాయకు. కొంచెం ఆగు. ఎందుకని ఇప్పుడు అడగకు.

తమ్ముడు

*

జూలై 19

తమ్ముడూ,

నువ్వు చెప్పినట్టే చేశాను. తృప్తేనా?

నిన్న ఆఫీసరు వచ్చాడు. పెద్దమనిషే, నా కోసం గట్టిగా మాట్లాడాడు. రాయి చూశాడు, మొబైల్లో ఫొటో తీసుకున్నాడు. తర్వాత నీ డ్రాయింగు బల్ల మీద పరిచి, "అమ్మా, రాయి ఎక్కడి నుంచైనా తెచ్చి పెట్టి ఉండొచ్చు. ఇది పద్దెనిమిది అంగుళాల ఒంటి గోడ. ఇందులో పాత గోడ ఎక్కడుంది? కొలిచినాయన చేతిలో తప్పు రాదని మా ఆఫీసంతా చెబుతుంది" అన్నాడు. టికెట్ల అమ్మాయి నా వైపు చూసింది. బస్తాలాయన గొంతు సవరించుకున్నాడు. నా చీర కుచ్చిళ్ళలో టేపు ఉంది. తీసి ఆ కిటికీలో పెడితే అరనిమిషం పని.

"డ్రాయింగు తప్పంటారా?" అని కూడా అడిగాడు.

నేను నోరు నొక్కుకున్నాను. రెండు వందల పదహారు మంది నా మాట నమ్మి సంతకం పెట్టారు. వాళ్ళ ముందు తలకాయ దించుకుని నిలబడ్డాను, నీ మంచిపేరు కోసం. వరదలో నిన్ను నడుముకి కట్టుకుని నీళ్ళు దాటిన రోజు కూడా నాకింత కష్టమనిపించలేదు.

ఆగస్టు రెండు దాకా టైమిచ్చి వెళ్ళాడు. ఆగమన్నావు, ఆగాను. ఇంకా ఎంత ఆగాలి? రిటైరయ్యేదాకానా? అప్పటికి గోడే ఉండదు. నీ డ్రాయింగులో తప్పు లేకపోవడం గొప్పే, కాదనను. కానీ ఆ ఒక్క తప్పు దాచడానికి నూట పదమూడేళ్ళ హాలు పోతే, ఆ బెంచీ మీద నా పక్కన కూర్చోడానికి నువ్వు రానక్కర్లేదు. ఆగస్టు ఒకటో తేదీ దాకా చూస్తాను. రెండున నేనే టేపు పట్టుకుని మీ ఆఫీసుకి వస్తాను.

అక్క

*

జూలై 27

అక్కా,

నీ ఉత్తరం నాలుగు సార్లు చదివాను. నువ్వు తిట్టినదానికి బాధ లేదు. నోరు నొక్కుకున్నానని రాశావే, అక్కడే ఆగిపోయాను.

జరిగింది చెబుతాను. నీ ఫొటో చేరిన మర్నాడే, జూలై 9న, 'నా డ్రాయింగులో మధ్య గోడ కొలత తప్పు, ఆ గోడ నేను కొలవలేదు' అని రాసి ఆఫీసులో నమోదు చేయించాను. విచారణకొచ్చిన ఆఫీసరు దాకా ఆ కాగితం అప్పటికింకా చేరలేదు. నువ్వు విచారణలో ముందే గోడ సంగతి ఎత్తి ఉంటే, అక్క అడిగింది, తమ్ముడు మార్చాడు అనేవాళ్ళు. కాగితం అక్కడే ఆగిపోయేది. నా తప్పు నా నోటి నుంచి ముందు రావాలి, దాని మీద ఇంకెవరో వచ్చి కొలవాలి. అందుకని ఆగమన్నాను. కారణం రాయొద్దా అంటావు. రాస్తే ఆ ఉత్తరం కూడా సాక్ష్యమైపోతుందని భయపడ్డాను. ఆఫీసు బుద్ధి అక్కా, ముప్పై నాలుగేళ్ళది.

22న వేరే బృందం వచ్చి కొలిచింది. నువ్వు చూసే ఉంటావు. ఇరవై ఏడు. మీ కుట్టుమిషను టేపుకి నా క్షమాపణ చెప్పు. నాకు మెమో ఇచ్చారు. తీసుకుని సొరుగులో పెట్టాను. అనుకున్నంత బరువు లేదు.

ఆ గోడ ఎందుకు కొలవలేదో తెలుసా? రెండో రోజు నువ్వు "తిని వెళ్ళు" అని కూర్చోబెట్టావు. తినేసరికి బండి టైమయింది. ఒక్క గోడే మిగిలింది. దాన్ని కొలవాలా, నాకు తెలియనిదా అనుకున్నాను. ఎనిమిదేళ్ళప్పుడు బడి వదలగానే హాల్లోంచి ఆ కిటికీలో చెయ్యి పెట్టేవాణ్ణి. భుజం దాకా పెడితే అవతల నీ వేళ్ళు తగిలేవి, ఒక బిస్కెట్టు చేతిలో పడేది. పిల్లవాడి చెయ్యి పొడవెంతో లెక్కేసి పద్దెనిమిది అని రాశాను. మా వృత్తిలో ఇంతకంటే పెద్ద తప్పు లేదు.

ఇప్పుడు అసలు సంగతి. కొత్త కొలతలతో మళ్ళీ గీయమని నాకే ఇచ్చారు. వచ్చినవాళ్ళు మందం మాత్రమే రాసుకున్నారు, మధ్యలో సందు ఉందో లేదో రాయలేదు. నేను నిజంగా ఉన్నట్టు రెండు గోడలుగా గీస్తే, రాతి హాలు నూరేళ్ళు దాటినదిగా మిగులుతుంది. ఇటుక గోడ, టికెట్ గది, సామాన్ల గది పడగొడతారు. అంటే నీ గది పోతుంది. ఒకే మందపాటి గోడగా గీస్తే, అంత మందం ఆ పాత రోజుల్లోనే కట్టేవారు కాబట్టి భవనం మొత్తం పాతదవుతుంది. మొత్తం మిగులుతుంది. తేడా ఒక్క గీత. ఎవరూ పట్టుకోలేరు.

నువ్వు ఇంత పోరాడింది ఆ గది కోసమేనని నాకు తెలుసు. ఒక మాట చెప్పు చాలు. ఒక తప్పుకి మెమో తీసుకున్నాను, రెండోది నీ కోసం చేస్తాను. డ్రాయింగు ఆగస్టు 5న ఇవ్వాలి.

తమ్ముడు

*

ఆగస్టు 1

ఒరేయ్ తమ్ముడూ,

నీ ఉత్తరం పట్టుకుని స్టేషన్ బెంచీ మీదే చదివాను. మధ్యలో ఏడుస్తున్నానో నవ్వుతున్నానో తెలియక బస్తాలాయన టీ తెచ్చిచ్చాడు. నిన్ను అన్ని మాటలన్నందుకు సిగ్గుపడుతున్నాను. అయినా కారణం ఒక్క ముక్క రాసుంటే నీ సొమ్మేం పోయేది? పదిహేను రోజులు నిన్ను తిట్టుకుంటూ అన్నం తిన్నాను, అరగలేదు.

ఇక నీ గీత సంగతి. సందు ఉంది. వేలిగోరు పెట్టి చూశాను. ఉన్నదాన్ని లేదని గీస్తావా? నేను నేర్పిన సంతకం దాని కింద పెడతావా? చెయ్యి విరగ్గొడతాను.

గది పోతుందని నాకు ఎప్పుడో తెలుసు. బీరువా జరిపిన రోజే, రెండు గోడలని చూడగానే తెలిసింది. హాలు పాతదని రుజువు చేస్తే నా గది కొత్తదని రుజువు చేసినట్టే కదా. అందుకే ఆ రోజు అంతగా ఏడ్చాను. అందరూ రాయి చూసి ఏడుస్తున్నానని అనుకున్నారు. కన్నీళ్ళు తుడుచుకుని అభ్యంతరం రాయడానికి కూర్చున్నాను. నేను పోరాడుతున్నది నా కుర్చీ కోసమని నువ్వు మొదటి నుంచీ అనుకున్నావు. నేనూ కాదనలేదు, వరదలో ఊరంతా ఉన్నది నా గదిలో కాదు, హాల్లో అని నీకు తెలియదా అని ఊరుకున్నాను. ఆ గదిలో ముప్పై ఏడేళ్ళు కూర్చున్నది నేనొక్కదాన్నే. ఆ హాల్లో ఊరు కూర్చుంది.

దుఃఖం లేదని చెప్పను. నిన్న ఒకసారి లోపలికి వెళ్ళి నా కుర్చీ ఉండే చోట నిలబడ్డాను. టికెట్ల అమ్మాయి తలుపు దగ్గరికేసి కాసేపు బయటికెళ్ళింది. అది చాలు నాకు. ఇక ముందు పని చాలా ఉంది. హాలు పైకప్పు ఎవరు బాగుచేస్తారు, ఎప్పటిలోపు చేస్తారు అన్నది రాతపూర్వకంగా ఇచ్చేదాకా నేను వదలను. ర్యాంపు కూడా అడుగుతాను, అందులో నీ మాటే నిజం.

ఇంకో మాట. నీ పద్దెనిమిది అంగుళాల సంగతి చదివి నవ్వాగలేదు. ఒరేయ్ పిచ్చోడా, నీ చెయ్యి ఎప్పుడూ అవతలికి రాలేదు. భుజం ఇరుక్కునేలా నువ్వు అటు నుంచి పెట్టేవాడివి. ఆ గోడ లోపలే ఆగిపోయేది నీ చెయ్యి. కౌంటర్ మీదికి వంగి, నేను మోచేతి దాకా ఇటు నుంచి పెట్టేదాన్ని. నీకు తగిలిన నా వేళ్ళు గోడ మధ్యలో ఉండేవి. నీకు అది తెలియక గోడ సన్నమనుకున్నావు. యాభై రెండేళ్ళు అలాగే అనుకుని, చివరికి డ్రాయింగులో కూడా ఎక్కించావు.

ఇప్పుడు ఇటుక గోడ తొమ్మిది అంగుళాలు పోతుంది. మిగిలిన రాతి గోడ ఎంతో నిన్న కొలిచాను. పద్దెనిమిది. నువ్వు రాసిందే.

కాబట్టి సరిగ్గా గియ్యి, రెండు గోడలూ, మధ్యలో సందూ. రిటైరైన మర్నాడే మరదల్ని తీసుకుని బయలుదేరు. గది తీసేశాక ఆ కిటికీ బయటికి తెరుచుకుంటుంది. నువ్వు హాల్లోంచి చెయ్యి పెట్టు. నేను ఇవతల ఎండలో నిలబడతాను. ఈసారి నేను సగం దాకా రానక్కర్లేదు, నీ చెయ్యి దానంతటదే నా దాకా వస్తుంది. బిస్కెట్టు తెచ్చి ఉంచుతాను.

జూన్ నుంచి ఆపి ఉంచిన దీవెనలు, అన్నీ ఒక్కసారే.

అక్క